మెదడులో మొలకలు: కాల్గరీ చెప్పిన కథ

కిందటి శీతాకాలంలో ఒక ఆదివారం ఉదయం ఆరు గంటలకి ఫోను మోగింది. బయట మైనస్ 27 డిగ్రీలు. ఆ వేళప్పుడు మోగే ఫోను ఎక్కడినుంచో దేశం కాని దేశంలో ఉండే తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఎత్తేలోగా గుండె ఎలా కొట్టుకుంటుందో అంతకన్నా చెప్పనక్కర్లేదు. కాకినాడ నుంచి అక్కయ్య.

"కంగారుపడకురా, నాన్నగారు బాగానే ఉన్నారు. బావగారు నీతో ఏదో మాట్లాడాలంటున్నారు," అంది.

నాన్నగారికి అప్పటికి నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. ఎడమ మెదడులో రక్తనాళం ఒకటి మూసుకుపోయి కుడి చెయ్యి, కొంతవరకు మాట దెబ్బతిన్నాయి. కాలు నెమ్మదిగా కోలుకుంది. చెయ్యి మాత్రం మొండికేసింది. నలభై ఏళ్ళు నల్లబల్ల మీద లెక్కలు చెప్పిన చెయ్యి అది.

బావగారు సూటిగా విషయంలోకి వచ్చారు. "ఏమోయ్, హైదరాబాదులో ఒకచోట స్టెమ్ సెల్స్ ఎక్కిస్తారట. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులో మూల కణాలు వేరుచేసి, వెన్నులోకి ఇంజెక్షన్ ఇస్తారట. చచ్చిపోయిన మెదడు కణాల చోట కొత్తవి పుడతాయట. ఆరున్నర లక్షలు. ఈ మెదడు మూల కణాల సంగతి కనిపెట్టింది మీ కాల్గరీలోనే అని వాళ్ళ పుస్తకంలో రాశారు. నువ్వుండేది ఆ ఊళ్ళోనే కదా, కాస్త కనుక్కుని చెప్పు. వచ్చే నెల మొదటి వారంలోగా డబ్బు కట్టాలి."

నేను రాసేది బ్యాంకులకి సాఫ్ట్‌వేర్. జీవశాస్త్రం ఇంటర్మీడియట్ ముందే వదిలేశాను. అయినా కాదనడానికి నోరు రాలేదు. దూరాన ఉన్న కొడుకు చెయ్యగలిగినవి రెండే: డబ్బు పంపడం, చదివి చెప్పడం. మొదటిది సులభం కాబట్టి రెండోదానితో మొదలుపెట్టాను. మూడు వారాలపాటు రాత్రిళ్ళు కూర్చుని చదివిందీ, ఇక్కడి వైద్యమిత్రులని విసిగించి తెలుసుకున్నదీ ఈ వ్యాసం. నాలాగే ప్రొద్దున్నే ఫోనందుకునే వాళ్ళు మనలో చాలామంది ఉంటారు కనక ఇది ఈ శీర్షికకి తగిన విషయమే అనుకుంటున్నాను.

కహాల్ గారి శాసనం

మనం చిన్నప్పుడు బడిలో చదువుకున్నదేమిటి? చర్మం తెగితే మళ్ళీ వస్తుంది, రక్తం పోతే మళ్ళీ ఊరుతుంది, మెదడు కణాలు మాత్రం పుట్టినప్పుడు తెచ్చుకున్నవే, పోతే పోయినట్టే అని. ఈ మాటకి మూలపురుషుడు స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్. 1906లో నోబెల్ బహుమానం అందుకున్న ఈయన, సూక్ష్మదర్శిని కింద నాడీకణాలని చూసి గీసిన బొమ్మలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. పెద్దవాళ్ళ మెదడులో నాడీమార్గాలు స్థిరపడిపోయినవి, అక్కడ అన్నీ చావగలవు కాని ఏదీ తిరిగి పుట్టదు అని ఆయన తేల్చాడు. అంతటివాడు చెప్పాక కాదనేదెవరు?

కాదన్నవాళ్ళు లేకపోలేదు. 1960లలో జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, విభజన చెందే కణాలలోకి మాత్రమే వెళ్ళే రేడియోధార్మిక పదార్థాన్ని ఎలకలకి ఎక్కించి, పెద్ద ఎలకల మెదడులో కూడా కొత్త కణాలు పుడుతున్నాయని చూపించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980లలో ఫెర్నాండో నాటెబామ్, కెనరీ పిట్టల మెదడులో పాటకి సంబంధించిన చోట పెద్దయ్యాక కూడా కొత్త న్యూరాన్లు పుడతాయని నిరూపించాడు. "పిట్టల సంగతి వేరు" అని దాన్నీ పక్కన పెట్టారు.

అంటే 1990 నాటికి పరిస్థితి ఇది: కొత్త న్యూరాన్లు కనిపిస్తున్నాయన్నవాళ్ళు కొందరున్నారు. వాటిని పుట్టించే తల్లి కణాన్ని పట్టుకుని చూపించినవాళ్ళు మాత్రం లేరు.

కళ్ళు తెరిచిన ఎలక పిల్లలు

ఇక్కడ కాస్త పక్కదారి పట్టాలి. వృద్ధి కారకాలు, అంటే గ్రోత్ ఫాక్టర్లు, ఏమిటో తెలియకపోతే కాల్గరీ కథ అర్థం కాదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇటలీలో యూదులు విశ్వవిద్యాలయాలలో పనిచెయ్యకూడదన్నప్పుడు, రీటా లెవీ మొంటాల్చినీ అనే వైద్యురాలు తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుని కోడిగుడ్లలోని పిండాల నాడులని పరిశీలించింది. యుద్ధం అయ్యాక అమెరికాలో సెయింట్ లూయిస్ చేరి, అక్కడ స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి, నాడులని పెరిగేలా చేసే ఒక ప్రోటీనుని పట్టుకుంది. దాని పేరు నెర్వ్ గ్రోత్ ఫాక్టర్.

ఆ పనిలో ఉండగానే కోహెన్‌కి ఒక వింత కనిపించింది. మగ ఎలకల లాలాజల గ్రంథి సారాన్ని అప్పుడే పుట్టిన ఎలక పిల్లలకి ఇస్తే, రెండు వారాలకి తెరుచుకోవలసిన కళ్ళు వారానికే తెరుచుకున్నాయి. పళ్ళు కూడా ముందే వచ్చాయి. ఇంకొకరైతే "ఏదో కల్తీ" అని వదిలేసేవారు. కోహెన్ ఆ కల్తీ వెంటపడి, 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీనుని వేరుచేశాడు. చర్మపు పైపొర కణాలని పెంచుతుంది కనక దానికి ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్ అని పేరు వచ్చింది. మనం ఇ.జి.ఎఫ్. అందాం. 1986లో లెవీ మొంటాల్చినీ, కోహెన్ ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు.

గమనించండి, ఇ.జి.ఎఫ్. కథ చర్మంతో మొదలైంది. మెదడుతో కాదు.

కాల్గరీ, 1992

కెనడా అన్న పేరు కనాటా అనే మాట నుంచి వచ్చింది. ఇరొక్వా జాతివాళ్ళ భాషలో పల్లె అని అర్థం. 1535లో జాక్ కార్టియేకి ఇద్దరు కుర్రాళ్ళు తమ ఊరికి దారి చూపిస్తూ ఆ మాట అంటే, ఆయన అది మొత్తం ప్రాంతానికి పేరనుకున్నాడు. మూల కణాల విషయంలో ఈ పల్లె చిన్నదేమీ కాదు. రక్తానికి మూల కణాలు ఉన్నాయని ప్రయోగంతో చూపించినది 1961లో టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కలక్. ఒకాయన భౌతిక శాస్త్రవేత్త, రెండో ఆయన వైద్యుడు. రేడియేషన్ ఇచ్చిన ఎలకలకి మూలుగ కణాలు ఎక్కిస్తే వాటి ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు వచ్చాయి. ఒక్కొక్క బుడిపె ఒక్కొక్క కణం సంతానమని వాళ్ళు తేల్చారు. ఇవాళ రక్త కాన్సర్లకి చేసే మూలుగ మార్పిడికి శాస్త్రీయమైన పునాది ఈ పనే.

ముప్ఫై ఏళ్ళ తరవాత యూనివర్సిటీ ఆఫ్ కాల్గరీలో శామ్యూల్ వైస్ ప్రయోగశాలలో బ్రెంట్ రేనాల్డ్స్ అనే విద్యార్థి ఎలక మెదడు కణాలని పళ్ళెంలో పెంచుతున్నాడు. పెద్ద ఎలకల మెదడులోంచి స్ట్రయేటమ్ అనే భాగాన్ని తీసి, కణాలని విడదీసి, సీరమ్ లేని ద్రవంలో ఉంచి, అందులో ఇ.జి.ఎఫ్. కలిపాడు. చాలా భాగం కణాలు చచ్చిపోయాయి. అది ఎవరైనా ఊహించేదే. కాని బహు కొద్ది కణాలు చావకుండా విభజన మొదలుపెట్టాయి. పళ్ళెం అడుగుని వదిలి, గుంపులు గుంపులుగా గుండ్రటి ఉండల్లా తేలాయి. వాటికి తరవాత న్యూరోస్ఫియర్లు అని పేరు స్థిరపడింది.

ఆ ఉండలలోని కణాలలో నెస్టిన్ అనే ప్రోటీను ఉంది. పిండ దశలో మెదడుని కట్టే కణాలకి ఉండే గుర్తు అది. అవే కణాలు కొన్నాళ్ళకి న్యూరాన్లుగానూ, ఆస్ట్రోసైట్లు అనే నక్షత్రాకారపు సహాయ కణాలుగానూ మారాయి. 1992 మార్చిలో సైన్స్ పత్రికలో ఈ వ్యాసం వచ్చింది. పెరిగిన ఎలక మెదడులో, విభజన చెందగల, న్యూరాన్లకి జన్మ ఇవ్వగల కణాలు నిద్రపోతున్నాయనీ, ఒక వృద్ధి కారకం వాటిని తట్టి లేపగలదనీ దాని సారాంశం. ఈ పనికి 2008లో వైస్‌కి గైర్డ్‌నర్ అవార్డు వచ్చింది. వైద్య పరిశోధనలో కెనడా ఇచ్చే పెద్ద బహుమానం అది.

నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే రైలు ఆ విశ్వవిద్యాలయం స్టేషనులో ఆగుతుంది. పదేళ్ళుగా ఆ స్టేషను దాటుతున్నాను. బావగారు ఫోను చేసేదాకా నాకీ సంగతి తెలియదు.

సిగ్నల్ ఒకటే, హ్యాండ్లర్లు వేరు

ఇప్పుడు అసలు విషయం. వృద్ధి కారకం మూల కణాన్ని న్యూరాన్‌గా ఎలా మారుస్తుంది?

నేను మొదట అనుకున్నది ఇలాగ: ఇ.జి.ఎఫ్. అంటే ఒక ఆజ్ఞ, "న్యూరాన్ అవు" అంటే కణం న్యూరాన్ అవుతుంది. ఇది పూర్తిగా తప్పు. మన వృత్తిలోని ఉదాహరణే చెప్పుకుందాం. యూనిక్స్‌లో హ్యాంగప్ సిగ్నల్ ఉంది కదా. అది అందితే మామూలు ప్రోగ్రాము చచ్చిపోతుంది. అదే సిగ్నల్ అందితే చాలా సర్వర్ ప్రోగ్రాములు చావకుండా తమ కాన్ఫిగరేషన్ ఫైలు మళ్ళీ చదువుకుంటాయి. ఏం చెయ్యాలో సిగ్నల్‌లో రాసి ఉండదు. అందుకున్న ప్రోగ్రాము హ్యాండ్లర్‌లో రాసి ఉంటుంది. వృద్ధి కారకం కూడా అంతే.

ఇ.జి.ఎఫ్. కణం లోపలికి వెళ్ళి డి.ఎన్.ఏ.ని తాకదు. కణం పైపొరలో దాని కోసం ఒక గ్రాహకం, అంటే రిసెప్టర్, ఉంటుంది. ఇ.జి.ఎఫ్. వచ్చి అతుక్కోగానే రెండు గ్రాహకాలు జత కడతాయి. లోపలివైపు కొసలు ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుంటాయి. ఆ ఫాస్ఫేటుని చూసి మరో ప్రోటీను, దాన్ని చూసి ఇంకోటి, అలా వార్త చేతులు మారుతూ కేంద్రకం దాకా పోతుంది. అక్కడ కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి, కొన్ని మూతపడతాయి. ఏవి తెరుచుకోగలవన్నది ఆ కణం అప్పటికి ఏ స్థితిలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. చర్మకణం చర్మంగానే పెరుగుతుంది. మెదడు మూల కణం రెండవుతుంది, నాలుగవుతుంది.

ఇంకో సంగతి. ఇ.జి.ఎఫ్. మూల కణాలకి చెప్పేది ప్రధానంగా "విభజించు" అని. "న్యూరాన్ అవు" అని కాదు. ప్రయోగశాలలో న్యూరాన్లు కావాలంటే ఇ.జి.ఎఫ్.ని తీసెయ్యాలి. తీసేసి, కణాలు అతుక్కునే ఉపరితలం మీద ఉంచితే అప్పుడవి విభజన ఆపి ఏదో ఒకటిగా స్థిరపడతాయి. అలా స్థిరపడ్డవాటిలో కూడా ఎక్కువ భాగం ఆస్ట్రోసైట్లే, న్యూరాన్లు తక్కువ. మన ఇళ్ళలో పిల్లవాడిని "చదువు, చదువు" అంటూ ఉంటే చదువుతూనే ఉంటాడు. ఉద్యోగంలో చేరాలంటే ఆ పోరు ఆపాలి.

మరి న్యూరాన్ వైపు ఎవరు తిప్పుతారు? ఒక్కరు కాదు, పెద్ద బృందమే ఉంది. బి.ఎం.పి. అనే ప్రోటీన్లు మూల కణాన్ని ఆస్ట్రోసైట్ వైపు నెడతాయి. నాగిన్ అనే మరో ప్రోటీను ఆ బి.ఎం.పి.ని అడ్డుకుని న్యూరాన్ దారి తెరిచి ఉంచుతుంది. ఎఫ్.జి.ఎఫ్.-2 అనేది ఇ.జి.ఎఫ్. లాగే విభజనకి తోడ్పడుతుంది. బి.డి.ఎన్.ఎఫ్. అనేది పుట్టిన పసి న్యూరాన్లు బతికి కొమ్మలు వేసుకోవడానికి సాయం చేస్తుంది. ఐ.జి.ఎఫ్.-1 అనేది వ్యాయామం చేసినప్పుడు రక్తంలోంచి మెదడుకి చేరి ఈ వ్యవహారాన్ని ప్రోత్సహిస్తుంది. 1997లో ఎలకల మెదడులోకి ఈ కారకాలని నేరుగా పంపి చూస్తే, ఎఫ్.జి.ఎఫ్.-2 వల్ల వాసన తెలిసే భాగంలో కొత్త న్యూరాన్లు పెరిగాయి, ఇ.జి.ఎఫ్. వల్ల న్యూరాన్లు తగ్గి సహాయ కణాలు పెరిగాయి. పళ్ళెంలో ఒక మాట, మెదడులో ఇంకో మాట. టెస్ట్ సర్వరులో నడిచిన కోడు ప్రొడక్షన్‌లో ఏం చేస్తుందో మనకి తెలియనిది కాదు కదా.

పురిటి వాసన

కాల్గరీ బృందం 2003లో ప్రచురించిన మరో ఫలితం నాకు అన్నిటికన్నా నచ్చింది. చూలుతో ఉన్న ఆడ ఎలకల మెదడులో మూల కణాల విభజన పెరుగుతుంది. దానికి కారణం ప్రొలాక్టిన్, అంటే పాలు పడేలా చేసే హార్మోను. అలా పుట్టిన కొత్త న్యూరాన్లు వెళ్ళి చేరేది వాసన తెలిసే భాగానికి. పిల్లలని వాసనతో గుర్తుపట్టవలసిన తల్లికి, పిల్లలు పుట్టేలోగా మెదడు కొత్త కణాలని సిద్ధం చేసుకుంటోందన్నమాట. ఎలకల సంగతే అనుకోండి. మనుషులలో వాసన భాగానికి కొత్త న్యూరాన్ల ప్రవాహం పసితనంలోనే దాదాపు ఆగిపోతుందని 2011లో తేలింది.

ఈ "అనుకోండి" అన్నమాట దగ్గరే మా బావగారి ప్రశ్నకి జవాబు దాక్కుని ఉంది.

ఎలకల నుంచి మనుషులకి

ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోను రక్తంలో ఎర్రకణాలని పెంచుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకి రక్తహీనత తగ్గడానికి ఇస్తారు. దాన్ని ఇ.పి.ఓ. అంటారు. ఇది మెదడు మూల కణాలని న్యూరాన్ల వైపు తిప్పుతుందని 2001లో వైస్ బృందం చూపించింది. అయితే ముందు ఇ.జి.ఎఫ్. ఇచ్చి మూల కణాల సంఖ్య పెంచి, తరవాత ఇ.పి.ఓ. ఇచ్చి వాటిని న్యూరాన్లుగా మారిస్తే? మొదట నారు పొయ్యడం, తరవాత నాటు వెయ్యడం. పక్షవాతంలాంటి దెబ్బ తగిలిన ఎలకల మీద లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని బ్రయన్ కోల్బ్‌తో కలిసి ఈ ప్రయోగం చేశారు. 2007లో ఫలితం ప్రచురించారు. దెబ్బతిన్న చోట కొత్త కణజాలం పెరిగింది. ఎలకల కదలికలు మెరుగుపడ్డాయి.

ఇది చదివినప్పుడు రాత్రి రెండు గంటలైంది. లేచి కూర్చున్నాను. నాన్నగారి చెయ్యి కళ్ళముందు కదిలింది.

తరవాతి భాగం చదవడానికి మర్నాడు రాత్రిదాకా ఆగవలసివచ్చింది. వైస్ పరిశోధనల ఆధారంగా కాల్గరీలోనే ఏర్పడిన ఒక చిన్న సంస్థ దీన్ని మనుషుల దాకా తీసుకువెళ్ళింది. ఇ.జి.ఎఫ్.ని పుర్రెలోకి పంపే బదులు, మూల కణాల సంఖ్య పెంచడానికి గర్భధారణలో పుట్టే హెచ్.సి.జి. అనే హార్మోనుని ఇంజెక్షనుగా ఇచ్చి, ఆ తరవాత ఇ.పి.ఓ. ఇవ్వాలని పథకం. కొద్దిమంది రోగులతో చేసిన మొదటి పరీక్ష ఆశ కలిగించింది. అయితే ఆ పరీక్షలో పోల్చిచూడడానికి మందు ఇవ్వని గుంపు లేదు.

ఈలోగా 2009లో జర్మనీ నుంచి వేరే వార్త వచ్చింది. పక్షవాతం వచ్చిన 522 మందితో ఇ.పి.ఓ. ఒక్కదానినే పరీక్షించారు. మందు తీసుకున్నవాళ్ళలో 16.4 శాతం, తీసుకోనివాళ్ళలో 9 శాతం చనిపోయారు. దాంతో కాల్గరీ వాళ్ళ పరీక్షకి కూడా ఆటంకం వచ్చింది. మోతాదు తగ్గించి, సవరించిన రూపంలో పూర్తిచేశారు. ఎక్కడో ఊహించగలరా? మన ఇండియాలోనే, సుమారు వందమంది రోగులతో. 2010లో ఫలితం తెలిసింది. మందు తీసుకున్నవాళ్ళు కోలుకున్నారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళు కూడా దాదాపు అంతే కోలుకున్నారు. తేడా లేదు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పక్షవాతం వచ్చిన మొదటి నెలలలో చాలామంది ఎంతోకొంత తమంత తామే కోలుకుంటారు. ఆ సమయంలో ఏ మందు ఇచ్చినా, ఏ తాయెత్తు కట్టినా పేరు దానికే వస్తుంది. హైదరాబాదు పుస్తకంలో "మా చికిత్స తరవాత నడిచాడు" అని ఫొటోలతో ఉన్న కథలన్నీ నిజమే కావచ్చు. చికిత్స లేకపోతే నడిచేవాడు కాదని చెప్పడానికి ఆ ఫొటోలు చాలవు. అది చెప్పగలిగేది మందు ఇవ్వని రెండో గుంపు ఒక్కటే.

ఇక తుంటి ఎముక మూలుగ సంగతి. ఇది కూడా మన దేశంలోనే సరిగ్గా పరీక్షించారు. ఐదు ఆసుపత్రులు, 120 మంది పక్షవాత రోగులు. సగంమందికి వాళ్ళ సొంత మూలుగ కణాలు రక్తనాళంలోకి ఎక్కించారు, సగంమందికి లేదు. 2014లో స్ట్రోక్ అనే పత్రికలో ఫలితం వచ్చింది: హాని లేదు, ప్రయోజనమూ లేదు. మూలుగలోని మూల కణాలు రక్తానికి మూల కణాలు. టిల్, మెక్‌కలక్ చూపించినవి అవే. కాల్గరీలో తేలిన ఉండలు మెదడు మూల కణాలు. పేరులో "మూల కణం" ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. జావా, జావాస్క్రిప్టు చుట్టాలని ఎవరైనా అంటే మనం నవ్వమూ?

మెదడు మూల కణాలనే ఎక్కిస్తే? అదీ కొందరు చేశారు. ఇజ్రాయెల్‌కి చెందిన ఒక కుర్రవాడికి పిండాల నుంచి తీసిన మెదడు మూల కణాలని మాస్కోలో ఎక్కించారు. కొన్నేళ్ళకి అతని మెదడులో, వెన్నులో కంతులు పెరిగాయి. ఆ కంతిలోని కణాలు అతనివి కావు, దాతలవి. 2009లో ఈ సంగతి ప్రచురించారు. "విభజించు" అనే సిగ్నల్‌కి "ఇక చాలు" అనే సిగ్నల్ అంతే ముఖ్యం. ఇ.జి.ఎఫ్. గ్రాహకం అదుపు తప్పి పనిచెయ్యడం, గ్లయోబ్లాస్టోమా అనే భయంకరమైన మెదడు కాన్సర్లలో తరచు కనిపించే లోపం.

అసలు మన మెదడులో పుడతాయా?

ఇంకా మౌలికమైన ప్రశ్న ఒకటి మిగిలింది. పెద్దవాళ్ళ మెదడులో కొత్త న్యూరాన్లు పుడతాయా, లేదా?

1998లో స్వీడన్, అమెరికా శాస్త్రవేత్తలు పుడతాయన్నారు. కాన్సర్ పరీక్ష కోసం ఒక రసాయనం తీసుకుని, తరవాత చనిపోయిన ఐదుగురి మెదడులో, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ భాగంలో, కొత్త న్యూరాన్ల ఆనవాలు చూశారు. 2013లో స్టాక్‌హోమ్‌లో యోనాస్ ఫ్రీసెన్ బృందం గొప్ప ఉపాయం పన్నింది. 1963కి ముందు జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగి, ఆ తరవాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఒక కణం డి.ఎన్.ఏ.లో ఉన్న కార్బన్-14ని కొలిస్తే అది ఏ ఏట పుట్టిందో చెప్పవచ్చు. ఫైలు మీద టైమ్‌స్టాంపు లాంటిది. ఆ లెక్క ప్రకారం ఒక్కొక్క పక్క హిప్పోకాంపస్‌లో రోజుకి సుమారు 700 కొత్త న్యూరాన్లు చేరుతున్నాయి.

2018లో కాలిఫోర్నియా బృందం ఒకటి పెద్దవాళ్ళ మెదడులో తమకి ఒక్క పసి న్యూరాను కూడా కనిపించలేదంది. మరుసటి నెలలోనే న్యూయార్క్ బృందం 79 ఏళ్ళవాళ్ళలో కూడా కనిపించాయంది. 2019లో మాడ్రిడ్ వాళ్ళు ఉన్నాయన్నారు, ఆల్‌జైమర్స్ రోగులలో తక్కువన్నారు. 2025లో ఫ్రీసెన్ బృందమే, 78 ఏళ్ళ వయసు దాకా ఉన్న మెదళ్ళలో, న్యూరాన్లకి తల్లులైన విభజన కణాలని గుర్తించామని ప్రకటించింది. మనిషి మనిషికీ తేడా ఎక్కువగా ఉందట. మొత్తానికి తూకం "పుడతాయి" అన్న వైపు మొగ్గుతోంది. కాని పుట్టేది హిప్పోకాంపస్‌లో, కొద్ది కొద్దిగా. చేతిని ఆడించే భాగంలో కాదు. నాన్నగారికి పోయినవి అక్కడివి.

ఆశ పూర్తిగా లేదని కాదు. మన ఇళ్ళలో సగంమంది వేసుకునే మెట్‌ఫార్మిన్ సంగతి చూడండి. చక్కెర వ్యాధి మందు. అది ఎలకలలో మెదడు మూల కణాలని న్యూరాన్ల వైపు తిప్పుతుందని 2012లో టొరంటోలో ఫ్రీడా మిల్లర్ బృందం చూపించింది. 2020లో టొరంటో పిల్లల ఆసుపత్రి వాళ్ళు, మెదడు కంతికి రేడియేషన్ తీసుకున్న 24 మంది పిల్లలకి ఆ మందు ఇచ్చి చూశారు. హాని కనిపించలేదు, జ్ఞాపకశక్తి కాస్త మెరుగైన సూచనలున్నాయి. వాళ్ళు అన్నది "పెద్ద పరీక్ష చెయ్యదగినది" అని మాత్రమే. మంచి శాస్త్రం మాట్లాడే తీరు అది. ఆరున్నర లక్షలు వచ్చే నెల మొదటి వారంలోగా కట్టమనదు.

కాకినాడకి జవాబు

మూడు వారాల తరవాత శనివారం రాత్రి నేనే ఫోను చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త వ్యాధులకి తప్ప మిగతావాటికి మూల కణ చికిత్స అనుమతి పొందిన పరీక్షలలో మాత్రమే ఇవ్వాలనీ, అలాంటి పరీక్షలలో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదనీ చెప్పాను. డబ్బు అడుగుతున్నారంటేనే అది పరీక్ష కాదని అర్థం.

బావగారు కాసేపు మాట్లాడలేదు. "మీ ఊళ్ళో కనిపెట్టినదాన్నే నువ్వు వద్దంటున్నావేమిటోయ్," అన్నారు చివరికి.

"మా ఊళ్ళో కనిపెట్టింది నిజమే బావగారూ. దానితో వైద్యం చేసి చూసి, పని చెయ్యలేదని ఒప్పుకున్నది కూడా మా ఊరివాళ్ళే. ఆ రెండో ముక్క పుస్తకంలో వెయ్యలేదు."

అక్కయ్య ఫోను తీసుకుంది. "మరేం చెయ్యమంటావురా? చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబు ఉంది, కాస్త తమాషాగా. చేతులు కాదు, ఒక చెయ్యి. బాగున్న చేతికి తొడుగు వేసి కట్టేసి, రోజులో చాలాసేపు బలహీనమైన చేతితోనే పనులు చేయించే చికిత్స ఒకటి ఉంది. అమెరికాలో 222 మందితో, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలు అయినవాళ్ళతో, పోల్చి చూసే గుంపుతో సహా పరీక్షించారు. 2006లో ఫలితం వచ్చింది. చెయ్యి వాడకం నిజంగా మెరుగైంది, ఏడాది తరవాత కూడా నిలిచింది. అక్కడ కొత్త న్యూరాన్లు పుట్టాలని లేదు, బతికి ఉన్నవి కొత్త దారులు వేసుకుంటాయి. మణికట్టు, వేళ్ళు కాస్తయినా కదలగలిగినవాళ్ళకే ఇది పనికొస్తుంది. నాన్నగారికి ఆ కాస్త ఉంది.

వాళ్ళ నరాల డాక్టరుగారిని అడిగితే సరేనన్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఇంటికి వచ్చే ఏర్పాటు జరిగింది. ఎడమ చేతికి అక్కయ్య పాత తువ్వాలుతో తొడుగు కుట్టింది. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేరుశనగ గింజలు వెయ్యడం పాఠం. మొదటి వారం నాన్నగారు అందరినీ తిట్టారుట. మాట సరిగ్గా రాని మనిషి తిట్లు మాత్రం స్పష్టంగా వచ్చాయని అక్కయ్య నవ్వుతూ ఏడ్చింది.

మొన్న వీడియోలో చూశాను. బలపం పట్టుకుని పలక మీద కూడిక లెక్క ఒకటి వేశారు. అంకెలు వంకరగా ఉన్నాయి, మూడుకీ ఎనిమిదికీ పెద్ద తేడా లేదు. కూడిక మాత్రం సరిగ్గా ఉంది. ఇది తొడుగు వల్ల వచ్చిందా, దానంతటదే వచ్చేదా అని అడిగితే, నిజాయితీగా, ఒక్క మనిషితో చెప్పలేను. పైన అంతసేపు చెప్పినదంతా ఆ మాటే కదా. కాని ఈ దారిని 222 మందితో పరీక్షించి చూశారు, ఆ దారిని చూసి లేదన్నారు. అంతే తేడా.

రేపు ఉదయం మళ్ళీ ఆ స్టేషను మీదుగా వెళ్తాను. పుస్తకాల సంచులతో పిల్లలు దిగుతూంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు, ఎక్కడో ఒక పళ్ళెంలో అందరూ చచ్చినవనుకున్న కణాలకేసి ఇంకోసారి చూస్తారు. నాన్నగారికి కాకపోయినా, మన తరానికి అది అందుతుందేమో. అప్పటిదాకా వేరుశనగ గింజలే.